గుడ్లగూబ దిబ్బ మీద మెత్తని చోటు

అన్సెల్మో కపున్యాయ్‌కి సర్కారు వాళ్ళిచ్చిన ప్రశంసాపత్రంలో 'పూర్వీకుల వారసత్వానికి కావలి' అని రాసుంది. అబద్ధం. అతను పూర్వీకులకి ఏనాడూ కాపలా కాయలేదు. పందొమ్మిదేళ్ళ తమ్ముడొకడు ఆ దిబ్బలో ఉండిపోయాడు. వాడున్న గుంటకి కాపలా కాశాడు. నేను బడిపంతుల్ని, మా వైపు పంతుల్ని ప్రొఫెసరంటారు. ఇరవై రెండేళ్ళు అదే దిబ్బ దగ్గర పురావస్తు శాఖవాళ్ళకి కుండపెంకుల బొమ్మలు గీస్తూ అతనితో కలిసి తిని తాగినవాణ్ణి కనక ఈ మాట అంటున్నాను.

మాది పెరూ ఉత్తర తీరం. ఇటు సముద్రం, అటు చెరకు, మధ్యలో ఇసక. ఇసకలో పచ్చి ఇటుకల కొండ. పదిహేను వందల ఏళ్ళ కిందట మోచే అనే జాతివాళ్ళు కట్టారు. మేం గుడ్లగూబ దిబ్బ అంటాం. రాజధాని నుంచి ఎవరొచ్చినా దాని ముందు నిలబడి 'ప్రకృతితో మమేకమై బతికిన జాతి' అంటారు. ఆ జాతి కుండల మీద ఏముందో నేను గీశాను. మెడలకి తాళ్ళు కట్టి నడిపించే ఖైదీలు, ముక్కుల్లోంచి కారే నెత్తురు, కోసిన గొంతు కింద గిన్నె, ఆ గిన్నె అందుకునే దొర. మమేకం సంగతి ఆ ఖైదీల్ని అడగాలి.

మా ఊరి మగవాళ్ళకి తాతల నాటి నుంచీ రెండే పనులు. చెరకు కొట్టడం, దిబ్బలు తవ్వడం. తవ్వకానికి మంచిరోజు గుడ్‌ఫ్రైడే. ఆ రోజు దేవుడు చచ్చిపోయి ఉంటాడు, అడిగేవాడుండడు, దిబ్బలోని బంగారం పైకి తేలుతుంది. ఊరు ఊరంతా పారలు, మొక్కజొన్న కల్లు పట్టుకుని బయల్దేరేది. మర్నాడు శనివారం మాత్రం పార ముట్టకూడదు. క్రీస్తు మన్నులో పడుకుని ఉన్నాడు, ఇనుము దించితే ఆయనకి తగులుతుంది. ఎవరు పెట్టారో తెలియదు గానీ దొంగతనానికీ ఇంత మడి ఉంది మాకు.

పనిముట్టు ఒక ఇనప చువ్వ. మనిషి కంటే పొడుగు, పైన అడ్డపిడి. నేలలోకి దించితే గట్టి మట్టి ఆపుతుంది. ఒకసారి తవ్వి పూడ్చిన మట్టి వెయ్యేళ్ళయినా గట్టిపడదు, చువ్వ జారిపోతుంది. బయటికి లాగి కొన వాసన చూస్తారు. మెత్తగా ఉంటే సమాధి. ఈ లోయలో అన్సెల్మో చువ్వ తప్పదని పేరు.

ఒక్కసారి తప్పింది. అప్పుడతనికి ఇరవై రెండు. గుడ్‌ఫ్రైడే నాడు జనం కాస్త దూరంలో తవ్వుతుంటే, దిబ్బ వెనకవైపు అతనూ, తమ్ముడు తోరిబియో, ముసలి బల్తసార్ ముగ్గురే ఉన్నారు. చువ్వ రెండు మీటర్లు ఊరికే దిగిపోయింది.

"సమాధే," అన్నాడు అన్సెల్మో.

"బంగారం దొరికితే నీకు పెళ్ళి చేస్తాన్రా అన్నయ్యా," అన్నాడు తోరిబియో, సారా సీసా జేబులో కుక్కుకుని లోపలికి దిగుతూ. "నీ మొహానికి కాస్త ఎక్కువే దొరకాలి."

అది సమాధి కాదు. ఏనాటి దొంగలో తవ్వి వదిలేసిన సొరంగం. మెత్తదనం దొంగలూ మిగిల్చిపోతారు. ఆ సంగతి తెలియనివాడు మా ఊళ్ళో లేడు. గుడ్‌ఫ్రైడే నాడు గుర్తుండేవాడు కూడా లేడు. మధ్యాహ్నం మూడింటికి పైకప్పు కూలింది. అన్సెల్మో చీకటి పడేదాకా తవ్వాడు, గోళ్ళు ఊడేదాకా తవ్వాడు. బల్తసార్ అతని చేతిలోంచి పార లాక్కున్నాడు.

"రేపు శనివారం. ముట్టకు. దిబ్బ తన బాకీ తీసుకుంది, అంతే. వాడు ఎప్పుడో పోయాడురా నాయనా."

శనివారమంతా గుంట పక్కన కూచున్నాడు అన్సెల్మో. ఆదివారం ఇద్దరూ కల్లు పోసి ఇసక కప్పేశారు. తవ్వించమని పట్టుబడుతుందని తల్లికి వేరే చోటు చూపించారు.

తర్వాత అతను కాపలా ఉద్యోగంలో చేరాడు. పురావస్తు తవ్వకాలవాళ్ళు దిబ్బ వెనకవైపు గీత గీసినప్పుడల్లా "అక్కడేం లేదు సార్, దొంగలు ఊడ్చేశారు," అనేవాడు. ఒకసారి తాగి నాతో చెప్పాడు, ఎందుకో.

"వాడు అప్పుడే పోయాడా, లేక ఉన్నాడా? తవ్వితే తెలుస్తుంది ప్రొఫెసరా. అందుకే తవ్వనివ్వను."

బల్తసార్ పోయాక ఆ చోటు తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం.

పోయినేడాది వాలుగ వచ్చాడు. అసలు పేరు పురిసాకా. పల్చగా వేలాడే మీసం వల్ల వాలుగచేప పేరొచ్చింది. దిబ్బలు చదును చేసి, సున్నం గీతలు గీసి, చాపల గుడిసెలు నిలబెట్టి జాగాలు అమ్ముకోవడం వాడి వ్యాపారం. మొదట అన్సెల్మో గుమ్మంలో కవర్లో పెట్టిన తూటా దొరికింది. తర్వాత అతని కుక్క కాపలా గుడిసె దూలానికి వేలాడింది. అన్సెల్మో కుక్కని దించి పాతిపెట్టి, తూటాని గోడ మేకుకి దారంతో కట్టాడు. పోలీసులు వచ్చి రాసుకున్నారు. వాళ్ళు రాసుకోవడంలో దిట్టలు.

గుడ్‌ఫ్రైడే నాడు పట్టపగలు వాలుగ బుల్‌డోజర్‌తో, పదిమంది మనుషులతో దిగాడు. వెనక ఊరి జనం, పారలతో. బంగారం మీకు, నేల నాకు అని వాళ్ళకి చెప్పి తెచ్చాడు. నన్ను ఇద్దరు మోకాళ్ళ మీద కూలేశారు. అందులో ఒకడు నా దగ్గర బడిలో చదువుకున్నవాడే. "తల ఎత్తకండి సార్," అన్నాడు మర్యాదగా, మెడ మీద మోకాలు పెట్టి.

"ఏం మామా," అన్నాడు వాలుగ అన్సెల్మోతో, "దిబ్బని అంత వాటేసుకున్నావ్, సర్కారు గానీ నీకిచ్చి పెళ్ళి చేసిందా?"

"మీ తాతకీ ఇంతే నోరు. ఆయనకి పళ్ళయినా ఉండేవి."

జనంలో ఎవరో నవ్వారు. వాలుగ కూడా నవ్వి, పార కామతో అతని నోటి మీద కొట్టాడు. అన్సెల్మో పడ్డాడు. ముగ్గురు తన్నారు. పక్కటెముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది, చెరకు విరిచినట్టు.

"చువ్వ ఏ చేత్తో దించుతావు?" అన్నాడు వాలుగ.

"కుడి."

ఎడమచెయ్యి ఇటుక మీద పెట్టించి, పార వెనక్కి తిప్పి, నాలుగు దెబ్బలు కొట్టాడు. వేళ్ళు చితికిపోయాయి.

"కుడిది ఉంచాను. మెత్తని చోటు చూపించు. లేదా మొత్తం దిబ్బే తిరగేస్తా, ప్రొఫెసర్ని అడుగున వేసి."

అన్సెల్మో నా వైపు చూశాడు. నెత్తురు ఉమ్మి, ఒంటిచేత్తో చువ్వ ఈడ్చుకుంటూ దిబ్బ వెనక్కి నడిచాడు. ఎక్కడ ఆగాడో నాకు అర్థమైంది. నోరు మూసుకున్నాను.

చువ్వ తన బరువుకి తానే దిగిపోయింది. జనం టోపీలు తీశారు. వాలుగ స్వయంగా బయటికి లాగి, కొన ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"మా తాత చెప్పిన వాసన ఇదే," అన్నాడు.

"మెత్తగా ఉంది," అన్నాడు అన్సెల్మో. అంతే అన్నాడు.

వాలుగ బుల్‌డోజర్ మెట్టు మీద నిలబడి దాన్ని ఎక్కించాడు, పెళ్ళిగుర్రం మీద ఉన్నట్టు. నేల ముందు వంగింది. తర్వాత లేదు. డ్రైవరు దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. బుల్‌డోజర్ పక్కకి ఒరిగి వాలుగ మీద పడింది. వాడు చాలాసేపు అరిచాడు. జనం పారలు పారేసి పరిగెత్తారు. అన్సెల్మో గట్టున కూచుని, అరుపు ఆగేదాకా కదల్లేదు. నేనూ కదల్లేదు.

పోలీసులు అడిగారు: "కింద డొల్ల అని నీకు తెలుసా?"

"మెత్తగా ఉందని చెప్పాను. మెత్తగా ఉంటే ఏమిటో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు."

రాసుకున్నారు.

బండి తీశాక తవ్వకాలవాళ్ళు కిందికి దిగారు. పైకప్పు కూలిన చోట తోరిబియో లేడు. పక్కన, గోడ దగ్గర ఉన్నాడు, రబ్బరు చెప్పులతో. నా ఉద్యోగం గీయడం. గీశాను. పగిలిన సీసా పెంకుతో గోడ ఇటుకలు నాలుగు వరుసలు తొలిచాడు. తీసినవి వెనక పేర్చాడు. వాటి మీద ఆనాడు ఇటుకలు పోసిన ఊళ్ళు వేసుకున్న గుర్తులు, పాదం ముద్ర, అర్ధచంద్రం, చెక్కు చెదరలేదు.

అన్సెల్మో పిండికట్టు చేత్తో గట్టున నిలబడ్డాడు.

"ఎన్ని వరుసలు?"

"నాలుగు."

"సీసా పెంకుతో వరుసకి ఒక పూట."

"అంత పట్టకపోవచ్చు," అన్నాను.

"మట్టి గురించి నాకు చెప్పకు ప్రొఫెసరా." కుడిచేతి వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. "శుక్రవారం సాయంత్రం ఒకటి. శనివారం రెండు. ఆదివారం పొద్దున ఒకటి. శనివారం నేను ఇదుగో, ఇక్కడ కూచున్నాను. పార పక్కనే ఉంది."

ప్రశంసాపత్రం తీసుకోడానికి అతను రాలేదు. నేనే తెచ్చి గుడిసెలో పెట్టాను. ఎముకలు అప్పగించడానికి సర్కారుకి ఏడాది పట్టింది. మళ్ళీ గుడ్‌ఫ్రైడే వచ్చే పవిత్రవారంలో ఇచ్చారు. కాటికాపరి ఆదివారం దాకా ఆగమన్నాడు.

అన్సెల్మో ఆగలేదు. శనివారం మిట్టమధ్యాహ్నం, చితికిన చేత్తో పార కామ బిగించుకుని, శ్మశానం నడిమధ్య తవ్వడం మొదలుపెట్టాడు. ఇనుము రాయికి తగిలినప్పుడల్లా చప్పుడు చర్చి దాకా వినిపించింది. వద్దనడానికి ఎవరూ బయటికి రాలేదు.