ఉత్త సంచీ పంపకూడదు

ఆ రోజుల్లో అంటే గుర్రబ్బళ్ళ కాలం అనుకునేరు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్న కాలమే. బుద్ధి రాకముందు గడిచిన రోజుల్ని 'ఆ రోజుల్లో' అనడం లోకమర్యాద గనక నేనూ అంటున్నాను. ఆ రోజుల్లో నేను డిగ్రీ పూర్తి చేసి, కోటబొమ్మాళిలో మా ఇంటి వసారాలో గోడకి చేరబడి, కొక్కెం సూదితో నూలుదారం సంచులు అల్లి, వాటి ఫోటోలు ఆన్‌లైన్ దుకాణంలో పెట్టి, ఎన్నడూ చూడని ఊళ్ళవాళ్ళకి అమ్మేదాన్ని. సంచీకి ఏ రంగు పక్కన ఏ రంగు రావాలి, పిడి ఎంత వెడల్పుండాలి, అంచుకి పువ్వుండాలా ఆకుండాలా అని రోజంతా కాగితాల మీద గీసుకుంటుంటే, వీధిలోవాళ్ళు వచ్చి చూసి ఒకటే ప్రశ్న అడిగేవారు, ఇందులో బియ్యం ఎన్ని కేజీలు పడతాయని. బియ్యానికి కాదండీ, ఫోనూ చేతిరుమాలూ పెట్టుకోడానికి అంటే, రుమాలుకి సంచీ ఎందుకు, బొడ్లో దోపుకుంటే సరిపోదా అని వెళ్ళిపోయేవారు.

మా నాన్నమ్మ అయితే ప్రశ్నలతో ఆగలేదు. నేను అల్లిన మొట్టమొదటి సంచీని (ముదురాకుపచ్చ రంగుది, ఒక పక్క కాస్త వంకర) చెప్పాపెట్టకుండా సంతకి పట్టుకెళ్ళి, వంకాయలూ కందా బూడిదగుమ్మడికాయా వేసి తెచ్చింది. నూలు అల్లిక బరువుకి సాగుతుంది కదా, భుజాన వేసుకున్న సంచీ ఇంటికొచ్చేసరికి మోకాళ్ళ దగ్గర ఊగుతోంది. నేను నెత్తి కొట్టుకున్నాను. ఆవిడ మాత్రం సంచీని పైకీ కిందకీ చూసి, మొదట్లో చిన్నదనుకున్నాను గానీ అవసరాన్నిబట్టి పెరుగుతోందని మెచ్చుకుంది.

నాన్న సంగతి వేరు. ఆయన మెచ్చుకోడు, తిట్టడు, గడువు పెడతాడు. వరికోతలు అయ్యేదాకా చూస్తాననీ, అప్పటికీ ఈ దారాల వ్యవహారం నిలబడకపోతే బీఈడీలో చేరిపోవాలనీ అన్నాడు. ఊరందరి పిల్లలకీ ఓపిగ్గా ఎక్కాలు చెప్పడం నా వల్ల అయ్యే పనేనా? నా ఓపిక ఎంతటిదో మా వీధి కుక్కలకి కూడా తెలుసు. అందుకని నేను పగలూ సాయంత్రమూ అల్లాను. నాన్నమ్మ చేసే సాయమల్లా చిలపల్ని, అంటే కొట్టునుంచి వచ్చిన దారపు చుట్టల్ని, రెండు మోకాళ్ళకీ తగిలించుకుని ఉండలు చుట్టిపెట్టడం, తయారైన సంచుల్ని మడతపెట్టి కాగితంలో చుట్టడం. ఒక్క షరతు మాత్రం పెట్టింది. ఇంట్లోంచి బయటికెళ్ళే వస్తువు ముందురోజు రాత్రి దేవుడి మూల ఉండాలి. పోనీలే, పెద్దావిడ, అక్కడైతే ఎలకలు కూడా రావు అని ఒప్పుకున్నాను. నా పెద్దమనసుకి నేనే మురిసిపోయాను కూడా.

వేసవి బాగానే గడిచింది. కొన్నవాళ్ళు మంచి మాటలే రాశారు. 'సంచీ లోపలిది చాలా ముచ్చటగా అనిపించింది' అని ఒకావిడ రాస్తే, నేను జిప్పు జేబుతో కుట్టిన లోపలి అస్తరు గురించే అనుకుని, మర్నాటినుంచి ఆ జేబు ఇంకాస్త పెద్దది చేశాను. (ఎవరికి సాయం చేస్తున్నానో అప్పుడు తెలియలేదు.) వానలు మొదలయ్యాయి. ఫిర్యాదులూ మొదలయ్యాయి. సంచీ తడిగా వచ్చిందని ఒకరు, సంచీ మీద పచ్చటి మరక ఉందని ఇంకొకరు. మీగడ రంగు సంచీ మీద పసుప్పచ్చ మరక ఎలా వస్తుంది? నేను దారం అమ్మినవాడితో ఫోనులో దెబ్బలాడాను. వాడు తన దారాన్ని ఏమన్నా అంటే ఊరుకోనన్నాడు. బక్కెట్లలో నీళ్ళు పోసి రంగురంగు దారాలన్నీ నానబెట్టాను, నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. అస్తరు గుడ్డ మార్చాను, జిప్పులు మార్చాను, ఆఖరికి వసారాలో నేను కూర్చునే చోటు మార్చాను. నేను ఇంత అవస్థ పడుతుంటే నాన్నమ్మ పక్కనే కూర్చుని, ఈ ఏడు వానలు మంచివి కావంటూ ఉండలు చుట్టుకునేది.

ఆన్‌లైన్ దుకాణంవాళ్ళకి రాస్తే 'మీ సహనానికి ధన్యవాదాలు' అని జవాబొచ్చేది. అది మనిషి ఇచ్చే జవాబు కాదు, యంత్రం ఇచ్చేది. లేని సహనానికి ధన్యవాదాలు చెబితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఆఖరికి ఆ యంత్రమే ఇంకో మాట చెప్పింది. మరొక్క ఫిర్యాదు వస్తే నా దుకాణం మూసేస్తారట. సరిగ్గా అప్పుడే విజయనగరంనుంచి ఒకావిడ, కూతురి పెళ్ళికొచ్చే పేరంటాళ్ళకి ఇవ్వడానికని, మీగడ రంగు సంచులు పెద్ద బేరం ఇచ్చింది. అవి బాగా చేరితే దుకాణం నిలబడుతుంది, లేకపోతే నా బతుక్కి బీఈడీయే గతి. వేళ్ళు కాయలు కాసేలా అల్లి, పెట్టె సిద్ధం చేస్తే, ఒకరోజు పొద్దున్న నాన్న దాన్ని బండి మీద తీసుకెళ్ళి స్టేషను దారిలో ఉన్న కొరియర్ కొట్టులో ఇచ్చి పొలానికి పోయాడు.

ఆ మధ్యాహ్నమే ఫోటో వచ్చింది. ఏదో మహానగరంలో నా సంచీ కొనుక్కున్నావిడ పంపింది. తెల్లటి గచ్చు మీద కాసిని పసుపు అక్షింతలు, దారం కట్టిన పసుపుకొమ్ము, రెండు ఎండుమిరపకాయలు, చెమర్చిన కల్లుప్పు రాళ్ళు, పక్కన సగం కోసిన నిమ్మకాయ. (నిమ్మకాయ విరుగుడుగా ఆవిడే పెట్టుకుందట.) సంచీ వచ్చిన దగ్గర్నుంచి అత్తగారికి జ్వరమనీ, మిక్సీ కాలిపోయిందనీ, తనకి చేతబడి చేయించిందెవరో చెప్పకపోతే దుకాణంవాళ్ళకి ఫిర్యాదు చేస్తాననీ రాసింది. నేను ఫోటోని పెద్దది చేసి చూశాను. పసుపుకొమ్ముకి కట్టింది ముదురాకుపచ్చ దారం. ఆ రంగు దారం మా జిల్లా మొత్తంలో నా దగ్గర తప్ప ఉండదు.

నాన్నమ్మ ముందు ఫోను పెడితే ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, గుర్తుపట్టి సంతోషించింది.

"అవును, నానే ఎట్టినాను. ఉత్త సంచీ ఎవులి సేతిలోనైనా ఎడతారేటే గుంటా? సేటైనా, గిన్నైనా, సంచైనా ఉత్తది అంపకూడదు."

"మనం ఊరకనే ఇచ్చినాం కాదు నాన్నమ్మా. ఆల్లు కొనుక్కున్నారు."

"కొనుక్కున్నోల్లకి కొసరెయ్యరేటి? వంకాయలోడు ఏస్తాడు, సేపలామె ఏస్తాది. నీ యాపారానికే కొసరు లేదేటి? పసుపు మంచికి. ఉప్పూ మిరపకాయా దిష్టికి. నౌపడ ఉప్పు, మంచిదే ఏసినాను."

ఆ మంచి ఉప్పే వానల్లో చెమర్చి, పసుపుని కరిగించి, నా మీగడ రంగు సంచుల్ని పసుపుబట్టలు చేసింది. ఇదంతా చెప్పి, దుకాణం మూసేస్తారన్న సంగతీ చెప్పి, ఆ మహానగరం ఆవిడ మిక్సీ గురించి కూడా చెప్పాను. మిక్సీ కాలిపోతే తనేం చేస్తుందని అడిగింది నాన్నమ్మ. నేను గొంతు పెంచాను. ఆవిడ పెంచలేదు.

"నీ సేత్తో అల్లినావు. ఎవులో తెలీనోల్ల ఇంటికెల్తన్నాది. ఉత్తసేతుల్తో అంపడానికి నాకు మనసొప్పలేదు" అంది.

అప్పుడు నాకు ఆ మాట చెవికెక్కలేదు. ఎక్కిందల్లా ఒకటే, పెళ్ళివారి పెట్టె కూడా ముందురోజు రాత్రి దేవుడి మూలే ఉంది. మహానగరం ఆవిడకి క్షమాపణ రాసి, మిక్సీ తప్ప మిగతా నష్టమంతా భరిస్తానని ఒప్పించి (పాపం, మంచి మనిషే, ఫిర్యాదు మానుకుంది), సైకిలెక్కి కొరియర్ కొట్టుకి తొక్కాను. శ్రీకాకుళం వెళ్ళే వ్యాను సాయంత్రం వస్తుంది. కొట్టు నడిపే ఆయన్ని ఊళ్ళో అందరూ టేపుబాబు అంటారు. మామిడిపళ్ళైనా మందుసీసాలైనా, పెట్టె కనపడితే చాలు, అట్ట కనపడనంతవరకూ టేపు చుడతాడు. నా పెట్టెకీ అలాగే చుట్టి మీసం దువ్వుకుంటున్నాడు. విప్పాలంటే మొహం మాడ్చుకుని, లోపల ఏముందో చెబితేగానీ కత్తెర ఇవ్వనన్నాడు. ఉప్పూ మిరపకాయలూ ఉన్నాయని ఎలా చెప్పను? చెప్పక తప్పలేదు.

పెట్టె నేల మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో సంచీ జిప్పు తీసి, పసుపుకొమ్ములు ఒకపక్కా మిరపకాయలు ఒకపక్కా కుప్ప పోస్తున్నాను. కళింగపట్నంనుంచి కొడుక్కి ఎండుచేపలు పంపడానికొచ్చిన ఒకామె బల్ల మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. ఆడమనిషి, నా బాధ తనకైనా అర్థమవుతుందని మొత్తం కథ చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, పెళ్ళింటికా అని అడిగింది. అవునన్నాను.

"పెల్లింటికి ఉత్త సంచులు అంపుతావేటమ్మా?" అంది. "మీ నాన్నమ్మ సేసిందాంట్లో తప్పేటున్నాది?"

టేపుబాబు కూడా అదే అనుకుంటున్నానన్నాడు. మందుల పార్శిలు పంపడానికొచ్చిన ముసలాయన, ఉప్పు సంగతి తనకి తెలీదు గానీ పసుపు తియ్యడం మాత్రం మంచిది కాదని తీర్పిచ్చాడు. చేపలామె బల్ల దిగి, పసుపు నేల మీద పెట్టకూడదంటూ కొమ్ములన్నీ ఏరి తన ఒళ్ళో పోసుకుంది. నేను అటు తిరగ్గానే ఒక కొమ్ముని మెల్లిగా ఒక సంచిలోకి జారవిడిచింది. నేను తీశాను. ఆమె మళ్ళీ వేసింది. మళ్ళీ తీశాను. ఇంత పెద్ద ఊళ్ళో నా పక్షాన మాట్లాడే మనిషి ఒక్కరు లేకపోయారు. ఉప్పు తొక్కకూడదని వచ్చినవాళ్ళందరూ నా కుప్ప చుట్టూ ముగ్గు దాటినట్టు దాటి వెళ్తుంటే, నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. సంచులన్నీ దులిపి, ఎండుచేపల వాసన అంటకముందే పెట్టెలో పెట్టించి, వ్యాను ఎక్కేదాకా అక్కడే కాపలా కాశాను.

పెళ్ళివారికి సంచులు శుభ్రంగా చేరాయి. అనుకున్నట్టే ఉన్నాయని ఆవిడ నాలుగు మంచి ముక్కలు రాసింది. దుకాణం నిలబడింది, కోతలయ్యాక నాన్న బీఈడీ మాట ఎత్తలేదు. అంటే నేనే గెలిచాను. గెలిచినదాన్ని సంతోషంగా ఉండాలి కదా. నాన్నమ్మ మాత్రం ఆ రోజునుంచీ సంచుల జోలికి రాలేదు. మాట్లాడేది, అన్నం పెట్టేది, ఉండలు మాత్రం చుట్టేది కాదు. పిలిస్తే, 'నా సేతులు మంచివి కావేమోనే' అనేది. నేను చిలపల్ని కుర్చీ కాళ్ళకి తగిలించి చుట్టుకుంటే చిక్కులు పడేవి. ఆ చిక్కులు విప్పుతూ ఆవిడ వైపు గుర్రుగా చూసేదాన్ని. ఆవిడ వాన వైపు చూసేది.

రెండేళ్ళకి పని పెరిగింది. అల్లేవాళ్ళు నలుగురు దొరికారని విజయనగరంలో ఒక గది తీసుకున్నాను. బయల్దేరే రోజు నాన్న బండి స్టార్టు చేసి ఉంచాడు, రైలుకి వేళవుతోంది. నాన్నమ్మ లోపల్నుంచి ఆ ముదురాకుపచ్చ సంచీ తెచ్చి నా చేతిలో పెట్టింది. అన్నాళ్ళూ అందులో తమలపాకులు పెట్టుకునేది. ఉతికి, ఎండబెట్టి, మడతపెట్టింది. నేను అలవాటుగా లోపల చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. తిరగేసి దులిపాను. ఏమీ లేదు.

"ఏటెతుకుతన్నావు?" అంది.

"ఏటీ లేదు."

"నీకు ఉత్తదే ఇష్టం కదేటి" అంది, మొహంలో ఒక్క గీతైనా కదలకుండా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత పట్టుదలేమిటి ఈవిడకి, అదీ నేను ఇల్లు వదిలి వెళ్ళేవేళ. ఒక మాట అందామనే నోరు తెరిచాను. తీరా చూస్తే చేతిలో ఆ ఉత్త సంచీ. ఎవరో తెలియనివాళ్ళ ఊరికి ఉత్త చేతుల్తో వెళ్తున్నది ఈసారి సంచీ కాదు.

"ఏదో ఒకటెయ్యి నాన్నమ్మా" అన్నాను.

ఆవిడ వెంటనే వెయ్యలేదు. చీర సర్దుకుంది, వాకిట్లో కోడిని అదిలించింది, అప్పుడు చెంగు ముడి విప్పి పసుపుకొమ్ము తీసింది. దానికి ముదురాకుపచ్చ దారం ముందే కట్టి ఉంది. సంచిలో వేసి, బేగి ఎల్లు, రైలెల్లిపోద్ది అంది.

ఇప్పుడు నా దుకాణంనుంచి వెళ్ళే ప్రతి సంచిలోనూ, చిన్న కవర్లో మరక అంటకుండా, దారం కట్టిన పసుపుకొమ్ము ఒకటి ఉంటుంది. పక్కనే ఒక చీటీ, 'ఇది చేతబడి కాదు, మా నాన్నమ్మ' అని. ఉప్పు విషయంలో మాత్రం నాన్నమ్మ ఇంకా రాజీ పడలేదు. ఫోను చేసినప్పుడల్లా ఏస్తన్నావా అని అడుగుతుంది, ఏస్తన్నానని అబద్ధం చెబుతున్నాను. అప్పుడప్పుడు పెట్టెకి టేపు చుడుతున్నప్పుడు, కొరియర్ కొట్టు నేల మీద మోకాళ్ళేసుకుని, చేతులనిండా ఉప్పుతో, ఊరందరి మీదా కళ్ళెర్రజేస్తున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. కాసేపు నవ్వుకుంటాను. అది గనక ఇప్పుడు మా గుమ్మంలోకి వస్తే, ఎంత అరిచినా సరే, ఉత్త చేతుల్తో మాత్రం పంపను.