పేరు చెప్పని బాణీ

ఇవాళ సాయంత్రం మొజంజాహీ మార్కెట్లో సీతాఫలం ఐస్‌క్రీం తింటుంటే, పక్క బల్ల దగ్గర ఒక అమ్మాయి ఫోన్‌లోంచి మాండలిన్ వినిపించింది. చెంచా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అది మా సార్ కట్టిన బాణీ. "ఎవరిదమ్మా అది?" అని అడిగాను. "తెల్వదు ఆంటీ, అందరూ రీల్స్‌కు పెట్టుకుంటున్నరు," అంది. చెబుదామని నోరు తెరిచేలోగా తను ఇంకో రీల్‌కు పోయింది.

మా యాదగిరి సార్ ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం మీది గదిలో మాండలిన్ నేర్పేవారు. నాంపల్లిలో ఆఫీసు వదలగానే నేను నేరుగా అక్కడికే పోయేదాన్ని. నలభై దాటాక మొదలుపెట్టిన విద్య, వేళ్ళు ఎక్కడ మాట వింటాయి! సార్ విసుక్కునేవారు కాదు గానీ ఒక్క విషయంలో మహా మొండి. ఏది వాయించినా ముందు దాన్ని కట్టినవారి పేరు పైకి చెప్పాలి. ఒకసారి మరచిపోయి తీగ మీటితే వాద్యం నా చేతిలోంచి తీసేసుకున్నారు. "పేరు చెప్పు బిడ్డా. తలుపు కొట్టకుండ ఒకరింట్లకు పోతమా?" అన్నారు.

అలాంటి మనిషి తను కట్టిన ఆ ఒక్క బాణీకి మాత్రం పేరు చెప్పేవారు కాదు. క్షణం ఆగి మొదలుపెట్టేవారు. సొంత డబ్బా కొట్టుకోవడం ఇష్టంలేదేమో అనుకున్నాను. నా బుర్ర అంతవరకే పనిచేసింది.

ఆయన వాయించినవి ఫోన్‌లో తీసి, ఆయన పేరుతోనే ఒక పేజీ తెరిచి, సంగీతం ఇష్టపడేవాళ్ళ గ్రూపుల్లో పంచేదాన్ని. ఎక్కడెక్కడివాళ్ళో మెచ్చుకుంటూ రాసేవారు. చదివి వినిపిస్తే సార్ కళ్ళద్దాలు తుడుచుకునేవారు. ఈ బాణీ పెట్టిన గంటకే వీడియోలో శబ్దం పోయింది. హక్కులు ఒక క్యాసెట్ కంపెనీవట. నాకు ఒళ్ళు మండిపోయింది. సార్‌ను ఒక్క మాటైనా అడగకుండా, అభ్యంతరం ఫారంలో 'సర్వహక్కులూ నావే' అన్నచోట ఆయన పేరుతో టిక్కు పెట్టి పంపాను. కంపెనీవాళ్ళు ఆయన సంతకమున్న పాత కాగితం చూపించారు. పేజీ మొత్తం మూతపడింది. ఫోన్‌లో చోటు లేక ఎప్పటికప్పుడు చెరిపేసేదాన్ని కాబట్టి, ఈ చివరిది తప్ప ఏదీ మిగల్లేదు.

జరిగిందంతా సార్‌కు చెప్పాను.

"ఔ, సంతకం నాదే. క్యాసెట్ మీద పేరేస్తమన్నరు. ఆ ఖుషీల చదవకనే పెట్టిన. పేరెయ్యలే."

"నాకెందుకు చెప్పలేదు సార్?"

"నాదంటే కాగితం ఒప్పుకోదు. వాళ్ళదంటే నా పానం ఒప్పుకోదు. గందుకే ఊకుంటుంటి. నువ్వు నా పేరు మీద అబద్ధం రాసి పంపినవ్ గదా బిడ్డా."

తిట్టి ఉంటే బాగుండేది. పాఠం మానలేదు, కానీ నేను ఫోన్ తీస్తే మాండలిన్ కింద పెట్టేసేవారు. ఆ చలికాలమే పోయారు. క్షమించారో లేదో అడిగే ధైర్యం నాకు చివరిదాకా రాలేదు.

ఇవాళ రీల్‌లో విన్నది ఆ క్యాసెట్‌లోదే, ఇప్పటికీ పేరు లేదు. మార్కెట్ నుంచి ఇంటికొచ్చి, ఫోన్‌లో మిగిలిన ఆ ఒక్క వీడియో తెరిచాను. దాన్ని ఎవరికీ పంపను. సార్ మాండలిన్ ఒళ్ళో సర్దుకుంటారు, తీగ ముట్టబోయి ఒక క్షణం ఆగుతారు. ఆ క్షణంలో నేను ఆయన పేరు పైకి చెబుతాను.