అత్తయ్య ఆకుపచ్చ సీసా

మా మేనత్త ఎవరింటికి వెళ్ళినా, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అడిగే మొదటి మాట, "బాత్రూము ఎటమ్మా?" అని. బాగున్నారా, పిల్లలేం చదువుతున్నారు లాంటి కుశల ప్రశ్నలన్నీ ఆ తర్వాతే. ఒకసారి కాలు విరిగి మంచంలో ఉన్న ఒకాయన్ని పలకరించడానికి వెళ్ళింది. ఆయన "అసలు ఎలా పడ్డానంటే అత్తయ్యగారూ..." అని మొదలుపెట్టేలోగా బాత్రూములో దూరింది. అయిదు నిమిషాలకి బయటికొచ్చి, గొడుగు చంకలో పెట్టుకుని వీధిలోకి పరుగెత్తింది. ఆయన కాలు అతుక్కుని ఇప్పటికి ఏడేళ్ళయింది. ఎలా పడ్డాడో వినే మనిషి మాత్రం ఇంకా దొరకలేదు.

దాంతో ఊరంతా కలిసి ఆవిడకి షుగరని తీర్మానించేసింది. "పాపం, పెద్దావిడ, ఆపుకోలేదు" అని జాలిపడని ఇల్లాలు లేదు. ఆ జాలి భరించలేక నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన రక్తం పరీక్ష చేయించి కాగితం నా చేతిలో పెట్టాడు.

"షుగరూ లేదు, బీపీ లేదు. ఉక్కులా ఉంది మీ అత్తయ్య. కానీ రాగానే మా ఆసుపత్రి బాత్రూములో ఇరవై నిమిషాలు ఏం చేసిందండీ? తలుపు కింద నుంచి ఆకుపచ్చ నీళ్ళు వచ్చాయని మా నర్సు కేకలు పెట్టింది. నాకొచ్చేలా ఉంది బీపీ!"

అసలు సంగతి ఆవిడ చేతిసంచీలో ఉంది. అందులో కళ్ళజోడు, రుమాలు, ఒక నోటుబుక్కు, ఓ పెద్ద సీసాడు ఆకుపచ్చ రంగు. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్ఫై రెండేళ్ళు పనిచేసిన మనిషి. రిటైరైన రోజున అందరూ శాలువా, పూలదండ ఇంటికి తెచ్చుకుంటే, ఈవిడ ఆ రంగు తయారుచేసే విద్య తెచ్చుకుంది. ఎవరికీ హాని చెయ్యని రంగట. నేను నమ్మలేదని నా ముందే గుక్కెడు తాగి చూపించింది. మూడు రోజులు నాలుక చిలక రెక్కలా ఉంది. ఆ మూడు రోజులూ ఆవిడ ఎవరినీ తిట్టకుండా నోరు మూసుకుని ఉండడం మా వంశంలో ఒక రికార్డు.

"ఒరేయ్, మీ బాత్రూములో నీళ్ళు ఎక్కడికి పోతాయో నీకు తెలుసా?" అంది ఒకరోజు.

"కిందికి పోతాయి."

"అబ్బ, ఏం చదువుకున్నావురా! కింద ఎక్కడికి?"

నాకు తెలియదు. ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆవిడ చెబితేనే తెలిసింది. మా వీధుల కింద రెండు గొట్టాలున్నాయి. ఒకటి మురుగు గొట్టం. అది ఊరి చివర శుద్ధి కేంద్రానికి పోతుంది, అక్కడ నీళ్ళు శుభ్రం చేస్తారు. రెండోది వాన గొట్టం. అది తిన్నగా చెరువులోకి పోతుంది. వాన నీళ్ళకి సబ్బుతో పనిలేదు కాబట్టి దాన్ని శుభ్రం చేసేవాళ్ళెవరూ లేరు. ఇల్లు కట్టేటప్పుడు ఎవరైనా మురుగు గొట్టానికి కలపాల్సింది వాన గొట్టానికి కలిపారో, ఆ ఇంటి ఉతుకు నీళ్ళన్నీ చెరువుకే. బాత్రూములో రంగు పోసి, చెరువు గట్టుకి పరుగెత్తి చూస్తే నిజం బయటపడుతుంది.

"చెరువనేది గట్టు దగ్గర మొదలవుతుందనుకుంటున్నావా? మీ ఆవిడ బట్టలుతికే దగ్గర మొదలవుతుందిరా!" అంది అత్తయ్య.

ఆ మాట మా ఆవిడ చెవిన పడింది. తర్వాత నెల్లాళ్ళు మా ఇంట్లో అత్తయ్యకి కాఫీలో చక్కెర తగ్గింది.

ఇంతలో చెరువుకి నురగ పట్టింది. వాన గొట్టం వచ్చి కలిసే మూలన తెల్లగా మోకాలెత్తున నురగ. గాలి వీస్తే ఆ ముద్దలు లేచొచ్చి, పొద్దున్నే నడకకి వచ్చినవాళ్ళ బట్టతలల మీద వాలేవి. మొదట పిల్లలు ఆడుకున్నారు. తర్వాత చేపలు వెల్లకిలా తేలాయి. కొంగలు రావడం మానేశాయి. ఊళ్ళో తాగే బోరునీళ్ళన్నీ ఆ చెరువు ఊటే కదా, అప్పుడు అందరికీ గుండె గుభేలుమంది.

చెరువు సంఘం సమావేశమైంది. అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టరుగారు. ఆయన గొంతు సవరించుకున్నాడంటే ఎదురుగా ఉన్నవాడు యాభై ఏళ్ళవాడైనా సరే చేతులు కట్టుకుంటాడు.

"ఊళ్ళో సబ్బు ఎక్కువ వాడేదెవరు?" అన్నాడాయన.

అందరి చూపులూ గట్టు పక్కన లాండ్రీ నడిపే ఆయన మీదికి తిరిగాయి. నోట్లో నాలుక లేని మనిషి. ఊరందరి బట్టలూ తెల్లగా తోమి పంపుతాడు, తను మాత్రం నీరుకావి చొక్కాతో తిరుగుతాడు. లేచి, "అయ్యా, నా గొట్టం మురుగులోకే పోతుందండీ. నేను దగ్గరుండి వేయించుకున్నాను" అన్నాడు. విన్నవాడు లేడు. పది రోజుల్లో లాండ్రీ మూసెయ్యాలని తీర్మానం అయిపోయింది. ఆయనకి వేరే పని రాదు. తల్లి, భార్య, ఇద్దరు చెల్లెళ్ళు ఆ ఇస్త్రీ బల్ల చుట్టూనే బతుకుతున్నారు.

అత్తయ్య మర్నాడు పొద్దున్నే లాండ్రీలో దిగింది.

"బాత్రూము ఇటండీ" అన్నాడాయన, అలవాటుగా.

"బాత్రూమెవడికి కావాలి? ఉతికే తొట్టి చూపించు!"

సీసాడు రంగూ తొట్టిలో వంపింది. నన్ను ఆఫీసుకి సెలవు పెట్టించి గట్టు మీద కూర్చోబెట్టింది. రెండు గంటలు కూర్చున్నాను. నా నెత్తి మీద నురగ వాలింది గానీ నీళ్ళు రంగు మారలేదు. అత్తయ్య శుద్ధి కేంద్రం కాపలాదారుకి ఫోన్ చేసింది.

"బాబూ, ఆకుపచ్చగా ఏమైనా వచ్చిందా?"

"వచ్చిందమ్మా! అసలేమిటమ్మా ఇది? నెలకోసారి మీరు ఫోన్ చేస్తారు, నీళ్ళు పచ్చగా వస్తాయి. మీకు ముందే ఎలా తెలుస్తుంది? మా ఆవిడ మీ చేత జాతకం చెప్పించమంటోంది."

లాండ్రీ ఆయన తప్పు లేదని తేలిపోయింది. నేను ఎగిరి గంతేసి, పద, సంఘానికి చెబుదామన్నాను.

"చెబితే? మరి నురగెక్కడిదంటారు. దానికి జవాబు లేకపోతే ఆయన్ని వదుల్తారా? తొమ్మిది రోజులున్నాయి. ఇన్నాళ్ళూ కింది వీధులే తిరిగాను, ఇక పై వీధి మొదలుపెడదాం" అంది.

పై వీధి అంటే మా వీధి. వాలు మీద ఉన్న నలభై ఇళ్ళు. అన్నీ ఒకే ఏడాది కట్టినవి, వాషింగ్ మిషన్లు బాత్రూముల్లోనే ఉంటాయి. అత్తయ్య రోజుకి అయిదిళ్ళ చొప్పున పలకరింపులకి బయలుదేరింది. ఒకింట్లో మనవడి మార్కులు అడగడానికట. ఇంకో ఇంట్లో కిటికీ తెరలు చూడడానికట. మూడో ఇంట్లో ఏ వంకా దొరక్క, "మీరు నా కల్లోకి వచ్చారమ్మా" అని దూరిపోయింది. "షుగరు బాగా ముదిరింది" అని వీధి వీధంతా కంటతడి పెట్టుకుంది. నేను గట్టు మీద గడియారం పట్టుకుని కాపలా. ఏ ఇంట్లో పోస్తోందో నాకు చెప్పదు. "నీ నోరు నాకు తెలుసు" అనేది. నీళ్ళు పచ్చబడగానే ఫోన్ చెయ్యడమే నా పని.

ఆదివారం పదకొండింటికి నీళ్ళు భగ్గుమని పచ్చబడ్డాయి. నురగ కూడా పచ్చగా, దర్జాగా ఉబికింది. అప్పటిదాకా వచ్చినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. సంతోషం పట్టలేక ఫోన్ తీశాను.

"వచ్చిందత్తయ్యా! బకెట్లకి బకెట్లు వస్తోంది! ఎవరింట్లో ఉన్నావు? ఎవరా దొంగవెధవ? సిగ్గులేదూ? వాడి మొహాన ఉమ్మెయ్యాలి!"

అటు నుంచి కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"అంత ఆవేశం దేనికిరా? ముందు ఇంటికి రా. నీ కాఫీ చల్లారిపోతోంది."

"ఎవరింటికి?"

"మీ ఇంటికే."

గట్టు నుంచి మా ఇంటికి పావుగంట నడక. ఆరోజు గంట పట్టింది. వెళ్ళేసరికి మా ఆవిడ అటు తిరిగి కూర్చుని ఉంది. అత్తయ్య ఏమీ ఎరగనట్టు బిస్కెట్టు కాఫీలో ముంచుకుంటోంది. "మొత్తం ముప్ఫై ఎనిమిది ఇళ్ళురా. అందరికీ గొట్టాలు వేసింది మన ప్లంబరే. అప్పట్లో కొత్తగా పనిలో చేరాడు. వాన గొట్టం దగ్గరగా ఉంది కదా అని దానికే కలిపేశాడట. అడిగితే ఏడ్చాడు వెధవ" అంది.

సమావేశం రోజు వచ్చింది. లాండ్రీ ఆయన తాళంచెవి జేబులో పెట్టుకుని చివరి వరసలో కూర్చున్నాడు. అత్తయ్య లేచి, లాండ్రీ నీళ్ళు చెరువులోకి పోవడం లేదని, పోతున్నవి పై వీధి ఇళ్ళవని, జాబితా తన దగ్గరుందని చెప్పింది. హాలు హోరెత్తిపోయింది. ఎవరికి వాళ్ళు "చదవండి, ఆ దొంగల పేర్లు చదవండి!" అని అరుస్తున్నారు. నిన్నటిదాకా నేనూ అలాగే అరిచినవాణ్ణే. ఇప్పుడు నాకు చొక్కా తడిసిపోతోంది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. పరువు పోయిందనుకున్నాను.

హెడ్మాస్టరుగారు నోటుబుక్కు లాక్కుని గట్టిగా చదివాడు.

"గంధకం... పాదరసం... భాస్వరం... సీసం... అమ్మో! ఇవన్నీ మన చెరువులో ఉన్నాయా!"

ఇద్దరు కుర్చీలెక్కారు. తాగుతున్న మంచినీళ్ళ గ్లాసు ఒకాయన కిటికీలోంచి విసిరేశాడు.

"కూర్చోండి! అవి ఇళ్ళండీ. ఎవరికీ తెలియకూడదని ల్యాబు అలవాటుకొద్దీ అలా రాసుకున్నాను" అంది అత్తయ్య.

"ఏ ఇల్లు ఏదో చెప్పండి మరి!" అన్నాడు హెడ్మాస్టరుగారు, తనే మెగ్నీషియమని తెలియక.

అత్తయ్య అందరినీ ఒకసారి చూసింది.

"మొదటిది చెబుతాను. గంధకం నేను. ఇన్నేళ్ళూ మీ అందరి బాత్రూముల్లో దూరి, నా ఇల్లు చూసుకోలేదు. నా ఉతుకు నీళ్ళే చెరువులోకి పోతున్నాయి. రేపే తవ్విస్తున్నాను. మిగతావాళ్ళు కావాలని చేసింది కాదు, నేల కింద ఏముందో ఎవరికి కనబడుతుంది? ప్లంబరు బయట నిలబడ్డాడు. అనుమానం ఉన్నవాళ్ళు అతనితో ఒక మాట చెప్పండి చాలు. కానీ ఆ తాళంచెవి ముందు ఇస్త్రీ బల్ల దగ్గరికి పోవాలి."

హెడ్మాస్టరుగారు లేచి చివరి వరస దాకా నడిచి వెళ్ళి, "పొరపాటైంది బాబూ, క్షమించు" అన్నాడు. ఆయన నోట ఆ మాట విన్నవాళ్ళం మేమే మొదటివాళ్ళం. లాండ్రీ ఆయన కళ్ళు తుడుచుకుని, "సార్, మీ తెల్ల ప్యాంటు సిద్ధంగా ఉంది" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక అలా అనేశాడు పాపం.

మర్నాడు అత్తయ్య వాకిట్లో నడుమెత్తు మట్టికుప్ప లేచింది. మూడోనాటికి పై వీధిలో ముప్ఫై ఎనిమిది మట్టికుప్పలు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. మా ఆవిడ మా కుప్ప పక్కన కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళకి చూపించుకుంది. రెండు వానలు పడేసరికి నురగ పోయింది. మరుసటి ఏడు కొంగలొచ్చాయి. ఇప్పుడు పక్క ఊళ్ళవాళ్ళు మా చెరువు చూడడానికి వస్తే, మేమంతా కాలర్లెగరేసుకుని గట్టు మీద తిప్పి చూపిస్తున్నాం.

మొన్న మా ఇంట్లో కుళాయి బాగుచేస్తూ ప్లంబరు నవ్వాడు.

"అన్నా, మీ అత్తయ్యగారిల్లు పై వీధి దిబ్బకి అవతలి వాలులో ఉంది కదా. అక్కడ నీళ్ళు ఎంత కుమ్మరించినా అవతలి వాగులోకి పోతాయి గానీ మన చెరువులోకి రావు. పైగా ఆవిడ గొట్టం సరిగ్గా మురుగులోకే ఉంది. శుభ్రమైన గచ్చు పగలగొట్టించి, మట్టి తీయించి, మళ్ళీ అదే గొట్టం అక్కడే పెట్టించారు. కుప్ప మాత్రం వీధిలోకి కనబడేలా పొయ్యమన్నారు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు."

"మరి నాకెందుకు చెబుతున్నావురా?"

"నీకేమిటన్నా, పై వీధిలో అందరికీ చెప్పాను. కడుపులో దాచుకోలేకపోయాను. లాండ్రీ ఆయనకైతే రెండుసార్లు చెప్పాను."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చి, చివరికి నవ్వే గెలిచింది. ఆ సాయంత్రం గట్టు మీద అత్తయ్య ఎవరో కొత్తవాళ్ళకి చెరువు కథ చెబుతోంది. "అసలు తప్పంతా నాదేనండీ, మొదటి గొట్టం మా ఇంటిదే" అంటోంది. చుట్టూ హెడ్మాస్టరుగారు, లాండ్రీ ఆయన, మా ఆవిడ, పై వీధిలో సగం మంది ఉన్నారు. ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు. అందరూ బుద్ధిగా తలలూపారు.

"అవునవును" అన్నాడు హెడ్మాస్టరుగారు గంభీరంగా. "ఆవిడ ఇల్లే. మేమందరం కళ్ళారా చూశాం."