అలిసిపోయిన వాసుకి

పలాసలో మా దుకాణం జీడిపప్పు ఫ్యాక్టరీకి ఎదురు వీధిలో ఉంది. నాన్న బంగారం పని చేసేవారు. రెడీమేడ్ నగల షాపులు వచ్చాక ఆ పని పడిపోయింది. నేను డిగ్రీ అయ్యాక ఆయన పక్కనే కూర్చుని, ఆయన పనిముట్లతోనే వెండి, ఇత్తడి నగలు చేయడం మొదలుపెట్టాను. అన్నీ పురాణాల్లోని బొమ్మలే. గరుత్మంతుడి రెక్కలతో జూకాలు, ఐరావతం లాకెట్లు. ఫోన్‌లో ఫొటోలు చూసి విశాఖపట్నం వాళ్ళు అడిగేవారు. మా ఊరివాళ్ళు వచ్చి చూసి, బావున్నాయని వెళ్ళిపోయేవారు.

ఒక సోమవారం మధ్యాహ్నం కవిటి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. వాళ్ళకు కొబ్బరితోట ఉందట. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పలాస వస్తుంది. ఆ రోజు అది ముగిశాక, భర్త ఆటో మాట్లాడి వచ్చేలోగా మా బల్ల మీద కూర్చుంది.

"దండసెయ్యికి పాము వంకీ సేత్తావా పాపా? మా అమ్మమ్మకుండీది."

చేస్తానని చెప్పి, కొలత తీయడానికి ఎడమచెయ్యి పట్టుకున్నాను. మోచేతి దగ్గర ఉబ్బిన నరానికి నా వేలు తగిలింది. చర్మం కింద ఏదో జుమ్మని అదురుతోంది. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"బయపడిపోనావా?" అని నవ్విందావిడ. "మిషిన్ సూదుల కోసం ఆపరేసన్ సేసిన సెయ్యది. గాజు కూడా ఎయ్యొద్దన్నారు. కుడిసెయ్యి కొలువు."

కొలిచాక, పడగ ఎంత పెద్దది కావాలని అడిగాను.

"పడగొద్దు. నాక్కావాల్సింది వాసుకి. పాలసముద్రం సిలికినప్పుడు తాడయ్యాడు కదా, ఆ వాసుకి. తలకాడ రాచ్చసులు, తోక్కాడ దేవతలు పట్టుకుని లాగీసినారు. అమృతం సంగతి అందరూ సెప్తారు. తాడుకేటయిందో ఎవులూ సెప్పరు. అలిసిపోయినట్టు సెయ్యి."

రాత్రి అన్నాల దగ్గర నాన్నకు చెప్పాను.

"పడగ నేకపోతే అది పామెలాగవుద్దే? వానపామవుద్ది," అన్నారు.

అయినా మొదలుపెట్టాను. ముందు మైనంతో తల చేసి చూసుకున్నాను. కళ్ళు సగం మూసినట్టు చేశాను. అది అలిసినట్టు లేదు, అలిగినట్టు ఉంది. మూడుసార్లు చేసి మూడుసార్లూ చెరిపేశాను. నాన్న కాసేపు చూసి, ఇక ఉండబట్టలేక లేచి వచ్చారు.

"పాముకి రెప్పలుండవు కదే. అలుపు మెడలో సూపించాల," అంటూ మైనం మెడను బొటనవేలితో మెల్లగా నొక్కారు. తల వంగి పాము ఒంటి మీదే ఆనింది. అంతే, ఇక ముట్టుకోవద్దన్నారు.

ఆ తలను వెండిలో పోశాను. ఒంటిమీద పొలుసులు ఒక్కొక్కటీ ఉలితో కొట్టాను. రెండు చుట్ల వంకీ, పెట్టుకుని బిగించడానికి వెనక చిన్న మర. తరువాతి సోమవారం పొద్దున్న ఆస్పత్రికి వెళ్తూ ఆవిడ మా దుకాణం దగ్గర దిగింది. వంకీ పట్టలేదు. కష్టపడి మర బిగిస్తే చర్మం మీద ఎర్రగా గీత పడింది. నేను కొలత తీసింది డయాలసిస్ అయ్యాక, ఒంట్లో నీరు తీసేసిన తరువాత. ఇప్పుడు రెండు రోజుల నీరు ఒంట్లోనే ఉంది. ఆ మాత్రం ఆలోచించనందుకు నాకు సిగ్గేసింది.

"నీ తప్పేటుంది పాపా. నాది రోజుకో సెయ్యి," అందావిడ.

మర కోసేశాను. రెండు కొసలూ కలవకుండా వదిలేసి, వెండిని మళ్ళీ కాల్చకుండా చల్లగా ఉండగానే సుత్తితో కొట్టాను. అలా కొడితే వెండి గట్టిపడి, లాగితే కొసలు విడివడి, వదిలితే మళ్ళీ దగ్గరికొస్తాయి. అణిగిపోయిన పొలుసులు తిరిగి చెక్కడానికి రెండు రోజులు పట్టింది.

శుక్రవారం ఆవిడ భర్తతో కలిసి వచ్చింది. వంకీ పెట్టుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది.

"పాము నిద్దరోతన్నట్టుంది," అన్నాడాయన.

"నిద్దర కాదు. పనైపోనాది, కూకుంది," అందావిడ.

నెల తిరక్కుండానే ఆవిడ తోడికోడలు వచ్చింది. అచ్చం అలాంటిదే కావాలంది, కాకపోతే పడగ విప్పి ఉండాలట, కళ్ళకు ఎర్రరాళ్ళు పొదగాలట. దానికి నాన్నే దగ్గర కూర్చుని మెరుగు పెట్టారు.

వాసుకి వంకీ ఆవిడ ఇప్పటికీ వస్తుంది. ఆటో వచ్చేదాకా కూర్చుని నేను చేస్తున్నది చూస్తుంది. మొన్న నా చేతిలో కూర్మావతారం ఉంది. తాబేలు వీపు మీద కొండ. చాలాసేపు చూసి, "అంత బరువు మోసీది కాళ్ళు దగ్గర పెట్టుకుని నిలబడదు పాపా, ఎడంగా పెట్టు," అంది. నిజమే అనిపించింది. ముందరి కాళ్ళు రెండూ ఊడదీసి, మళ్ళీ అతుకుతున్నాను.