ఎక్స్‌ట్రీమ్లీ

మా అమ్మాయి ఇంగ్లీషు నోట్సులో ‘వెరీ’కి బదులు వాడే మాటలు చూడగానే, మంగినపూడిలో నా ఆరో తరగతి గుర్తొచ్చింది.

వేటకెళ్లిన పడవ తిరగబడి నాన్న పోయారు. నాకు ఏడుపు రాలేదు. పెదకర్మయ్యాక బడికి బయల్దేరుతుంటే అమ్మ, “సెలవు చీటీ రాసుకెళ్లవే” అంది.

చిన్న సంగతికి ‘వెరీ’, పెద్ద సంగతికి ‘ఎక్స్‌ట్రీమ్లీ’ అని టీచరుగారు చెప్పి ఉన్నారు. ఇది పెద్ద సంగతే కదా అనుకుని, ‘మై ఫాదర్ ఈజ్ ఎక్స్‌ట్రీమ్లీ డెడ్’ అని రాశాను.

టీచరుగారు ఎర్రపెన్ను తీశారు. చీటీ చదివి, మళ్లీ మూత పెట్టేశారు.

“తప్పు రాశానాండీ?”

“లేదమ్మా. వెళ్లి కూర్చో.”

చావుకి ఎక్కువ తక్కువలుండవని, ఆ మాట అక్కడ అతకదని పై తరగతిలో నేర్పారు. పరీక్షలో సరిగ్గానే రాశాను.