కరెంటు గిటారుకి ఇత్తడి తీగ

పెళ్లిచూపుల్లో అమ్మాయి ఫెయిలవడం చూసుంటారు, అబ్బాయి ఫెయిలవడం చూసుంటారు. అబ్బాయి బావ ఫెయిలవడం ఎక్కడైనా చూశారా? మొన్న శనివారం మా ఇంట్లో జరిగింది. టీ తాగుతూ వినండి, పొలమారితే మాత్రం నా పూచీ కాదు!

మా బావమరిది జీవరత్నం తెలుసుగా? మా ఆవిడ సుగుణ తమ్ముడు, మద్రాసులో గుమాస్తా. రెడ్డిగూడెం దానియేలుగారి పెద్దమ్మాయి కరుణ మీద మనసు పడ్డాడు. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానని భీష్మించుక్కూర్చున్నాడు. దానియేలుగారేమో సంగీతమంటే చెవి కోసుకుంటారు. "అబ్బాయి గిటారు వాయిస్తాడటగా. అది విన్నాకే మిగతా మాటలు" అని కబురు పెట్టారు. లోకంలో ఎక్కడైనా పెళ్లికూతుర్ని పాడమంటారు. ఇక్కడ పెళ్లికొడుక్కి పరీక్ష!

మావాడు ఒళ్లో పడుకోబెట్టుకుని వాయించే కరెంటు గిటారు ఒకటీ, ఆంప్లిఫయరని ఓ బరువైన పెట్టె ఒకటీ పట్టుకుని మా తిరువూర్లో బస్సు దిగాడు. గిటారు వైరు పెట్టెలోకి, పెట్టె వైరు గోడలోకి. మా వీధికి కరెంటొచ్చి ఇంకా ఏడాది కాలేదు. లైటు వెలిగించే కరెంటు పాటెలా పాడుతుందో నాకు అంతుబట్టలేదు. అడుగుదామంటే హైస్కూల్లో సైన్సు చెప్పేది నేనేనాయె! అన్నీ తెలిసినట్టు తలూపాను.

శనివారం పొద్దున్నే వాడు పెళ్లివారి కోసం బస్టాండుకి బయల్దేరుతూ, "బావా, మీకో దణ్ణం. గిటారు ముట్టుకోకండి" అన్నాడు.

అలా అన్నాక చెయ్యి ఊరుకుంటుందా? తీగ బిగించే ఓ బిరడా కొంచెం తిప్పాను. ఇంకొంచెం తిప్పాను. టంగ్! లావు తీగ ఒకటి తెగి ఊరుకుంది. పరుగున పక్కవీధి వీణ టీచరుగారింటికెళ్లాను.

"ఉక్కుదా బాబూ, ఇత్తడిదా?" అంది ఆవిడ.

"ఇత్తడిదే ఇవ్వండమ్మా! పెళ్లివారొస్తున్నారు, తళతళలాడుతుంది" అన్నాను.

తెచ్చి బిగించాను. మీటితే ఖంగుమంది. హమ్మయ్య అనుకున్నాను.

పెళ్లివారొచ్చారు. దానియేలుగారు, ఆయన భార్య, కరుణ. ఆ అమ్మాయి టీచరు ట్రైనింగు చదివింది, మాటకి మాట చెప్పే రకం. టిఫినయ్యాక జీవరత్నం గిటారు ఒళ్లోకి తీసుకుని ఆగిపోయాడు.

"బావా, ఈ తీగ పచ్చగా ఉందేంటి?"

"పాలిష్ చేశాన్రా!"

వాడు ఏదో అనబోయి, ఎదురుగా కాబోయే మామగారు చెవి రిక్కించి కూర్చోవడం చూసి మొదలెట్టాడు. ఆహా, ఏం నాదం! ఇల్లంతా తేనె. ఇంతలో పాట మధ్యలో ఓ స్వరం గల్లంతు! మళ్లీ తేనె, మళ్లీ గల్లంతు. పళ్లూడిన తాతయ్య పాడినట్టుంది. జీవరత్నం మొహాన చెమటలు. దానియేలుగారు కనుబొమలు ముడేసి, "అబ్బాయికి పాట సగమే వచ్చేమో" అని భార్య చెవిలో అన్నారు. అందరికీ వినపడింది.

నేను గబుక్కున లేచాను. గిటారు దగ్గర చెవి పెట్టాను, ఆ తీగ మోగుతోంది. పెట్టె దగ్గర చెవి పెట్టాను, మోగడంలేదు. ఇదేం చోద్యం? నా చెవికి వినపడేది దాని చెవికెందుకు వినపడదు? అసలు దాని చెవెక్కడుంది? సౌండు చాలక అనుకుని పెట్టె మీది మర పూర్తిగా తిప్పేశాను. మిగిలిన అయిదు తీగలూ ఒక్కసారి గర్జించాయి, వంటింట్లో గిన్నెలు దడదడలాడాయి, దానియేలుగారి భార్య "ప్రభువా!" అని లేచి నిలబడింది. ఇత్తడి తీగ మాత్రం మౌనవ్రతం! ఇంకేం చెయ్యాలో తోచక గిటారు మీదికి వంగి, మీటింగుల్లో మైకు ముందు అరిచినట్టు, "హలో... హలో... వన్, టూ, త్రీ" అన్నాను.

కరుణ ఇక ఆపుకోలేక పకపకా నవ్వింది. లేచొచ్చి జడలోంచి ఇనప పిన్ను తీసి, తీగల కింద ఉన్న నల్లబిళ్ల దగ్గర పెట్టింది. టక్కున అంటుకుంది.

"ఇది మైకు కాదండీ, అయస్కాంతం. చుట్టూ సన్న వైరు చుట్టుంటుంది. పైన ఇనప తీగ కదిలితే ఆ చుట్టలో కాస్త కరెంటు పుడుతుంది. ఆ కాస్తని పెట్టె పెద్దది చేసి వినిపిస్తుంది. చప్పుడు సంగతి దీనికి తెలియదు. ఇత్తడి కదిలినా కదలకపోయినా దీనికొకటే."

అంటే గోడలోంచి కరెంటొచ్చి గిటారు మోగడం కాదా! గిటారే కరెంటు పంపిస్తోందా! నేను నోరు తెరుచుకుని వింటున్నాను.

ఈలోగా సుగుణ ఉక్కు తీగ కోసం వెళ్లి వీణ టీచరుగారిని వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ గుమ్మంలోంచే, "నేను అడుగుతూనే ఉన్నాను బాబూ, ఉక్కుదా ఇత్తడిదా అని! తళతళలాడాలన్నావు!" అంది. అంతే, దాచిందంతా బయటపడింది. జీవరత్నం నా వైపు చూసిన చూపుకి నేను బీరువా పక్కకి జరిగాను.

ఉక్కు తీగ బిగించాక వాడు వాయిస్తే దానియేలుగారు కళ్లు మూసుకుని తలూపుతూనే ఉన్నారు. కరుణ తల మాత్రం ఊగలేదు, చూపంతా వాడి మీదే. సంబంధం ఖాయమైంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయంటే నమ్మండి. నా మూలంగా వాడి పెళ్లి చెడిపోతే సుగుణకి నా మొహం ఎలా చూపించేవాణ్ని?

సాయంత్రం బస్సెక్కబోతూ దానియేలుగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"మేష్టారూ, మా చిన్నమ్మాయిని జూన్‌లో మీ ఇంట్లో ఉంచి, మీ స్కూల్లోనే చదివిద్దామనుకుంటున్నామండి."

"భేషుగ్గా పంపించండి!" అన్నాను పొంగిపోయి.

"పంపిస్తామండి. మీ ఆవిడగారి వంట దివ్యంగా ఉంది." కాస్త ఆగి, ఇబ్బందిగా గొంతు సవరించుకున్నారు. "సైన్సు మాత్రం... సెలవుల్లో మా పెద్దమ్మాయి వచ్చి మళ్లీ చెబుతుందిలెండి."

"అలాగేనండి. ఆ క్లాసులో నాక్కూడా ఓ మూల చోటుంచమనండి" అన్నాను.