కత్తిరించిన అంచు

మొన్న తిరుచానూరులో చుట్టాల పెళ్లికి వెళ్లి, లాడ్జిలో గది తాళం కోసం నిలబడినప్పుడు అమెరికా స్వాతంత్ర్య ప్రకటన అసలు ప్రతిని చూశాను. నమ్మరు కదా. సరే, అసలుది కాదు. శ్రీకాళహస్తిలో మా మేనమామ కలంకారీ గుడ్డ మీద రాసిన నకలు.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆ లాడ్జి యజమాని విదేశీ అతిథులకు చూపించడానికి దాన్ని రాయించాడు. కరక్కాయ రసంలో, పాలలో ముంచి ఎండబెట్టిన గుడ్డ ఎటూ పాత కాగితం రంగుకు తిరుగుతుంది. మామకు ఇంగ్లీషు రాదు. అక్షరాన్ని కూడా లతలాగా చూసి గీసేవాడు. అర్థం చెప్పే పని నాది. పత్రమంతా అరటిపండు ఒలిచినట్టు వివరించానని ఇంట్లో చాలాకాలం చెప్పుకున్నాను. నాకు తెలిసింది ఒక్క వాక్యం, మనుషులంతా సమానంగా పుట్టారని. అది రాసిన పెద్దమనుషుల్లో చాలామంది ఇళ్లలో బానిసలుండేవారని కూడా చెప్పాను.

మామ కలం పక్కన పెట్టాడు. "అట్లయితే వాళ్లనూ గీయాల గదరా అల్లుడా."

కలంకారీలో దేవుడు పెద్దగా, రాజు కాస్త చిన్నగా, వింజామర వీచేవాడు మోకాలెత్తున ఉంటారు. తరాల నాటి ఆ కొలతను మామ మొదటిసారి తప్పాడు. చుట్టూ అంచులో ప్రకటన రాసినవాళ్లను, పొలంలో వంగిన బానిసలను, స్వర్ణముఖి ఏట్లో గుడ్డలు జాడించే మన ఆడవాళ్లను కూడా ఒకే ఎత్తున నిలబెట్టాడు. చూపు తగ్గుతోందని, ఇదే తన ఆఖరి పెద్ద గుడ్డ అని అత్తతో అన్నాడట.

యజమాని వచ్చి గుడ్డ చుట్టూ తిరిగాడు. "ఏమప్పా, పెద్దోళ్లు యాడ? ఈ కూలోళ్లంతా ఎవురు?"

"అందురూ సమానమని రాసుండారంట గదా సామీ. ఎవుర్ని పెద్దగా గీసేది?"

"రాసింది బాగుండాది. ఈ అంచు కత్తిరించి ఇయ్యి."

నేనాయన్ని మాటలతో కడిగేశాను. అంటే, ఆ మాటలన్నీ నాకు తిరుగు బస్సులో తోచాయి. మామ ఇంకొకరి చెయ్యి పడనివ్వకుండా తనే కత్తిరించాడు. "రాసింది ఉంచుకుంటారంట. గీసింది వద్దంట" అన్నాడు, నాతో కాదు, కత్తెరతో. అత్త ఆ పీలికలను రంగు కుండల మూతులకు కట్టింది. మామ మళ్లీ పెద్ద గుడ్డ పరవలేదు.

మొన్న లాడ్జిలో కళ్లజోడు పెట్టుకుని చూస్తే, నేను అర్థం చెప్పిన ఆ వాక్యం దగ్గరే చిల్లులు. పురుగు కొట్టింది తాతా అంది కౌంటరు దగ్గరి అమ్మాయి. పురుగు కాదు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో నానబెట్టి తీసే, మామ అక్షరాలు రాసిన ఆ నలుపు రంగు, ఏళ్లు గడిస్తే తన కింది గుడ్డనే తింటుంది. మనుషులను తీసేయడానికి ఒక్క పూట చాలింది. మాటను తినడానికి కాలానికి ఇన్నేళ్లు పట్టింది.